తిట్ల మధ్య మాట తెగిపోకుండా: గేమ్ బృందాలకు ఒక మార్గదర్శి

2013 జూలైలో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 2’ గేమ్‌కు ఒక ప్యాచ్, అంటే ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్, వచ్చింది. డీఎస్ఆర్ 50 అనే స్నైపర్ తుపాకీలో ఒక తూటాకూ ఇంకో తూటాకూ మధ్య పట్టే సమయాన్ని 0.2 సెకన్ల నుంచి 0.4 సెకన్లకు పెంచారు. రెప్పపాటంత తేడా. దానికే డిజైన్ డైరెక్టర్ డేవిడ్ వాండర్‌హార్‌నూ, ఆయన కుటుంబాన్నీ చంపుతామంటూ సందేశాలు వచ్చాయి.

ఈ సంగతి చెప్పుకున్నప్పుడల్లా ఆటగాళ్లు ఎంత దారుణంగా ఉన్నారో అనుకుని ఊరుకుంటాం. నా ఆసక్తి ఆ తరువాతి ఘట్టం మీద. ఇలాంటి వార్త చదివిన మరో డిజైనర్, మరో కంపెనీలో, రేపటి ప్యాచ్ వివరాలు రాయడానికి కూర్చున్నాడనుకోండి. 0.4 అనే అంకె రాస్తాడా, లేక ‘కొన్ని ఆయుధాల సమతుల్యాన్ని సవరించాం’ అని సరిపెడతాడా? సరిపెడతాడు. బెదిరించినవాళ్లు పిడికెడు మందే. ఆ అంకె మాత్రం తిట్టని లక్షల మందికి కూడా దక్కకుండా పోతుంది.

ఈ వ్యాసం చిన్న, మధ్య తరహా గేమ్ బృందాల కోసం. తిట్లను పూర్తిగా ఆపే ఉపాయం నా దగ్గర లేదు. అవి వస్తున్నా మీకూ ఆటగాళ్లకూ మధ్య మాట నడిచేలా చూసుకోవడం ఎలాగో చెప్పగలను.

మొదట: మాట ఎక్కడ తెగుతోందో కనిపెట్టండి

మాట ఒక్క రోజులో తెగదు. ముందు ప్రోగ్రామర్లు, డిజైనర్లు సొంత పేరుతో జవాబివ్వడం మానేస్తారు. ఎవరూ ఆదేశించరు, వాళ్లంతట వాళ్లే తగ్గిపోతారు. భారమంతా ఆటగాళ్లతో మాట్లాడటమే పనిగా ఉన్న కమ్యూనిటీ మేనేజర్ మీద పడుతుంది. ఆ మనిషికి లోపలి సంగతులు సగమే తెలుసు. సగం తెలిసినవాడి జవాబు తప్పించుకునే జవాబులాగే వినిపిస్తుంది కాబట్టి తిట్లు ఇంకా పెరుగుతాయి. దాంతో ప్రతి వాక్యాన్నీ నలుగురు చూసి ఆమోదిస్తే గాని బయటికి వదలరు. చివరికి ప్రకటనల్లో తేదీలుండవు, అంకెలుండవు, కారణాలుండవు. ఆ ఖాళీలోకి పుకారు వచ్చి కూర్చుంటుంది, పుకారు నుంచి మళ్లీ కోపం పుడుతుంది.

‘డెస్టినీ 2’ తయారుచేసే బంగీ సంస్థ 2022లో ఈ సంగతిని దాచకుండా ఒప్పుకుంది. డెవలపర్లు మునుపటిలా మాట్లాడటం లేదెందుకని ఆటగాళ్లు అడిగితే, సిబ్బందికి వస్తున్న వేధింపులూ, నిజమైన బెదిరింపులూ కారణమని కమ్యూనిటీ బృందం జవాబిచ్చింది. ఇది ఒక్క సంస్థ గోడు కాదు. 2023లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ జరిపిన వార్షిక సర్వేలో, డెవలపర్ల మీద ఆటగాళ్ల వేధింపు ఒక సమస్యేనని 91 శాతం మంది అన్నారు. చాలా తీవ్రమైన సమస్య అన్నవారు 42 శాతం.

అటు నుంచి ఇటు రావలసిన మాట కూడా తెగుతుంది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. ఏ ఫోను, ఏ వెర్షన్, ఏ మలుపు దగ్గర ఆట ఆగిపోయిందో వీడియో తీసి మరీ పంపే ఓపికమంతులు కొందరుంటారు. అలాంటి మనిషి ఒకసారి వచ్చి, అక్కడి బురద చూసి, మళ్లీ రాడు. తిట్టేవాడు రేపు కూడా వస్తాడు.

నేను ఒక చిన్న మొబైల్ గేమ్ బృందానికి వచ్చే సందేశాలు చదివే పని కొంతకాలం చేశాను. మూడో వారానికల్లా నాకు తెలియకుండానే ఒక అలవాటు పట్టుకుంది: మొదటి వాక్యంలో బూతు కనిపిస్తే మిగతాది చదవకుండా పక్కకు నెట్టేయడం. అలా నెట్టేసిన వాటిలో ఒకటి, సేవ్ చేసిన ఆట చెరిగిపోతోందన్న ఫిర్యాదు. చాలా మందికి నష్టం జరిగాక పాత సందేశాలు తవ్వితే అది దొరికింది. రెండో వాక్యంలో ఆ బగ్ (ప్రోగ్రామ్‌లోని లోపం) వివరమంతా ఉంది.

అందువల్ల మొదటి పని ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకోవడం. ఆరు నెలల కిందట సొంత పేరుతో మాట్లాడిన మన వాళ్లు ఎందరు, ఇప్పుడెందరు? మన చివరి ప్రకటనల్లో కారణం చెప్పినవి ఎన్ని? వివరంగా బగ్ రాసి పంపే పాత ఆటగాళ్లలో ఇంకా రాస్తున్నవాళ్లెవరు? ఈ జవాబులు చూస్తే మాట ఏ కొసన తెగుతోందో తెలిసిపోతుంది.

రెండో అడుగు: కోపాన్నీ దూషణనూ ఒకే గంపలో వేయకండి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. బృందం అలసిపోయినప్పుడు గట్టిగా మాట్లాడే ప్రతివాడూ విషం చిమ్ముతున్నట్టే కనిపిస్తాడు. కాబట్టి వేరు చేయడానికి ఒక మోటు పరీక్ష పెట్టుకోండి: సందేశంలోంచి తిట్టు పదాలు తీసేయండి, ఏం మిగిలిందో చూడండి.

‘ఈ తుపాకీని ఇలా చేసినవాడికి కళ్లున్నాయా? దగ్గర నుంచి నాలుగు దెబ్బలు కొట్టినా చావడం లేదు.’ కళ్ల మాట తీసేస్తే తుపాకీ గురించి పరిశీలించదగిన ఫిర్యాదు మిగిలింది. ఇది అభిప్రాయమే, మొరటుగా చెప్పాడంతే. ‘నీలాంటివాళ్లు ఈ పనికి పనికిరారు’ అన్నదాంట్లో ఆట గురించి ఏమీ మిగలదు, అది దూషణ. ‘నీ ఇల్లెక్కడో నాకు తెలుసు’ అంటే బెదిరింపు, దాని దారి వేరు. ఒకే వాక్యాన్ని వందల ఖాతాలు ఒకే పూట పెడుతుంటే అది కూడబలుక్కుని చేసే దాడి. అయితే ఈ చివరిది నిర్ధారించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఎందుకంటే నిజమైన కష్టం వచ్చినప్పుడు కూడా జనం ఒకే మాట అంటారు.

‘హెల్‌డైవర్స్ 2’ దీనికి మంచి ఉదాహరణ. 2024 మే మొదటి వారంలో, కంప్యూటర్ మీద ఆడేవాళ్లంతా ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అనే తమ ఆన్‌లైన్ సేవ ఖాతా జోడించాల్సిందేనని ఆ ఆటను విడుదల చేసిన సోనీ ప్రకటించింది. ఆ ఖాతా తెరవడానికి వీలే లేని దేశాలు చాలా ఉన్నాయి. కొద్ది రోజుల్లో కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో 2 లక్షలకు పైగా ప్రతికూల రివ్యూలు పడ్డాయి. చూడటానికి గుంపు దాడే. అసలు విషయం మాత్రం డబ్బు పెట్టి కొన్న ఆట చేజారిపోతుందేమోనన్న న్యాయమైన భయం. సోనీ వెనక్కి తగ్గింది. గేమ్ రూపొందించిన స్వీడన్ సంస్థ ఆరోహెడ్ ఆటగాళ్ల మీద ఎదురు తిరగకుండా నిలబడింది, ఆ రివ్యూల గ్రాఫును పోలిన బొమ్మతో ఆటలో ఒక అంగవస్త్రం కూడా రూపొందించింది. అయితే అదే సంస్థ ఉద్యోగులు కొందరు అంతకు రెండు నెలల ముందు, మార్చిలో, ఒక తుపాకీ శక్తి తగ్గించినప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లను వెటకారం చేసి, సంస్థ చేత క్షమాపణ చెప్పించారు. అదే బృందం, అదే ఆట. ఒకసారి కోపాన్ని చదవగలిగారు, ఒకసారి చదవలేకపోయారు.

తిట్టినవాళ్లంతా ఒకే రకం మనుషులని కూడా అనుకోవద్దు. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ తయారుచేసే రయట్ గేమ్స్ పదేళ్ల కిందట తమ ఆటలోని చెడు ప్రవర్తనను లెక్కగట్టింది. ఎప్పుడూ దురుసుగా ఉండేవాళ్ల వాటా 13 శాతం మాత్రమేనని తేలింది. మిగిలిన 87 శాతం, మామూలుగా మర్యాదగానే ఉండే ఆటగాళ్లు ఎప్పుడో ఒకసారి చేసిన నిర్వాకం. అది ఆటలోపలి మాటల లెక్క, డెవలపర్లను తిట్టేవాళ్ల లెక్క కాదు. అయినా దాన్నుంచి నేను ఒక నియమం తీసుకున్నాను: బెదిరింపు కాని మొదటి తప్పుకు తిరిగి వచ్చే దారి ఉంచాలి. వారం రోజులు అతను సందేశాలు పెట్టకుండా ఆపి, ఏ వాక్యం వల్ల ఆపారో అతనికి చూపించండి. కారణం చెప్పకుండా వేసే బ్యాన్ వల్ల మరో ఖాతా, మరింత కసి తప్ప ఏమీ మిగలవు.

మూడో అడుగు: ఎవరు మాట్లాడాలో తేల్చండి

చాలా బృందాల్లో అందరికన్నా తక్కువ అధికారం ఉన్న మనిషినే ముందు నిలబెడతారు. నిర్ణయం తీసుకున్నది పైవాళ్లు, దెబ్బలు తినేది ఆ ఉద్యోగంలో మొన్న చేరిన అమ్మాయి. ఆమె ‘సరే, మారుస్తాం’ అనడానికి లేదు, ‘మార్చం’ అని కూడా అనడానికి లేదు. ‘మీ అభిప్రాయాన్ని బృందానికి చేరవేస్తాం’ అనే ఒక్క వాక్యమే ఆమెకు ఇచ్చారు. ఆ వాక్యం వందోసారి వింటే బుద్ధుడికైనా కోపం వస్తుంది.

‘ఫైనల్ ఫాంటసీ 14’ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. 2010లో విడుదలై ఘోరంగా విఫలమైన ఆ ఆటను మళ్లీ మొదటి నుంచి కట్టి 2013లో తిరిగి తెచ్చారు. దర్శకుడు, నిర్మాత నవోకి యోషిదా స్వయంగా ప్రత్యక్ష ప్రసారాల్లో కూర్చుని ఆటగాళ్ల ప్రశ్నలకు జవాబులిస్తూ వచ్చారు. ఆయన కుదరదంటే నిజంగా కుదరదని అర్థం, క్షమించమంటే ఆ మాటకు బరువుంటుంది. మీ బృందం ఐదుగురిదే అయినా ఈ సూత్రం పనిచేస్తుంది. కష్టమైన వార్త చెప్పవలసినవాడు నిర్ణయం తీసుకున్నవాడే.

రోజువారీ మాటలకు మాత్రం ఒక మనిషి ముఖం కన్నా బృందం ఖాతా మేలు. ఒక మార్పు తీవ్రంగా వివాదమైన వారంలో, ఆ మార్పు చేసిన డిజైనర్ పేరు బయట పెట్టకండి. సందేశాలు చదివేవారినీ జవాబు రాసేవారినీ వేరు చేయండి. చదివేవారిని వారానికొకసారి మార్చండి. చదివేవారు తిట్లు వడగట్టి, మిగిలిన ఫిర్యాదును రెండు వాక్యాల్లో రాసి ఇస్తే, జవాబు రాసేవారు చల్లగా రాయగలుగుతారు. ఇద్దరే ఉన్న బృందమైతే ఒకరి సందేశాలు ఒకరు చదవండి. మనల్ని తిట్టిన తిట్టు కన్నా పక్కవాడిని తిట్టిన తిట్టును చదవడం తేలిక. ఒంటరిగా పనిచేసేవారు ఒక స్నేహితుణ్ని అడగండి, సిగ్గుపడవలసిన పని కాదిది. రాత్రి పడుకునేముందు మాత్రం ఎవరూ ఏదీ చదవవద్దు.

నాలుగో అడుగు: హద్దులు రాసి పెట్టండి

జపాన్‌లో వినియోగదారుడు సిబ్బందిని వేధించడానికి ‘కసుహారా’ అని ఒక పొట్టి పేరే ఉంది. నింటెండో 2022లో తన మరమ్మతుల నిబంధనల్లో దీని గురించి చేర్చింది. స్క్వేర్ ఎనిక్స్ 2025 జనవరిలో ప్రత్యేకంగా ఒక విధానం ప్రకటించి, హద్దు మీరితే సేవలు ఆపేస్తామనీ, అవసరమైతే చట్టపరంగా వెళ్తామనీ చెప్పింది.

మీకు అంత పెద్ద పత్రం అక్కర్లేదు, అర పేజీ చాలు. అందులో మొదటి వాక్యం ‘మా ఆట బాగాలేదని, మా నిర్ణయం తప్పని, డబ్బు దండగని మీరు ఎంత ఘాటుగానైనా అనవచ్చు’ అని ఉండాలి. ఆ తరువాతే చేయకూడనివి: వ్యక్తిని, కుటుంబాన్ని, కులాన్ని, మతాన్ని, ఆడా మగా తేడాను, ప్రాంతాన్ని పట్టుకుని అనడం, వ్యక్తిగత చిరునామా వెతకడం, బెదిరించడం. ఏ తప్పుకు ఏ శిక్షో పక్కనే రాయండి. విమర్శకు అనుమతి ముందు రాయకపోతే, ఈ పత్రం నోరు మూయించడానికేనని ఆటగాళ్లు అనుకుంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

తెలుగు ఆటగాళ్లున్న గేములకు ఇంకో చిక్కుంది. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. ఒకే బూతుకు పది స్పెల్లింగులు ఉంటాయి కాబట్టి పదాల జాబితాతో పనిచేసే ఫిల్టర్ సగం పట్టుకోలేదు. సందేశాలను అదుపు చేసే మోడరేటర్‌కు తెలుగు రాకపోతే రెండు వైపులా తప్పు చేస్తాడు. స్నేహితులిద్దరు ‘ఒరేయ్, ఎక్కడ చచ్చావురా’ అనుకుంటే చావు మాట చూసి బ్యాన్ వేస్తాడు. బూతు ఒక్కటీ లేకుండా, కులం పేరు గుచ్చి అన్న మాటను మాత్రం మామూలు సంభాషణ అనుకుని వదిలేస్తాడు. భాష తెలిసిన ఒక మనిషిని, గంటల లెక్కన అయినా సరే, డబ్బిచ్చి పెట్టుకోండి. అభిమానుల చేత ఊరికే చేయించుకుంటే నాలుగు నెలల్లో వాళ్లూ అలసిపోయి వెళ్లిపోతారు.

ఐదో అడుగు: మార్పు చెప్పే పద్ధతి మార్చండి

తిట్లకు భయపడి వివరాలు తగ్గించడం సహజమే. కానీ వివరాలు తగ్గితే మంచి ఆటగాళ్ల చేతిలో మీ తరఫున మాట్లాడే ఆధారం కూడా పోతుంది. ప్రతి పెద్ద మార్పుకూ మూడు ముక్కలు రాయండి. ఏం మార్చాం, అంకెతో సహా. ఎందుకు మార్చాం, మేం చూసిందేమిటి. ఏం జరిగితే వెనక్కి తీసుకుంటాం. మూడోది దాదాపు ఎవరూ రాయరు. ‘రెండు వారాల్లో ఈ ఆయుధం వాడకం బాగా పడిపోతే మళ్లీ సవరిస్తాం’ అన్న ఒక్క వాక్యంతో, తిట్టడానికి వచ్చినవాడు లెక్క చూడటం మొదలుపెట్టవచ్చు.

తేదీల దగ్గర జాగ్రత్త. ‘నో మ్యాన్స్ స్కై’ విడుదలను 2016 జూన్ నుంచి ఆగస్టుకు జరిపారని దాని రూపకర్త షాన్ ముర్రేకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. 2022లో ‘గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్’ తేదీ చెప్పలేదని డెవలపర్లను వేధించారు. చెప్పి మార్చినా తిట్టారు, చెప్పకున్నా తిట్టారు. కాబట్టి తిట్లు తప్పించుకోవడాన్ని కొలబద్దగా పెట్టుకోకండి. మీకు నిజంగా తెలిసినంతే చెప్పండి. ‘సంక్రాంతి లోపు కాదు, వేసవి లోపు’ అన్నది నిజమైతే అదే చెప్పండి. ఇక శుక్రవారం సాయంత్రం ప్యాచ్ వదిలి ఇంటికి పోయే అలవాటు ఉంటే, దయచేసి మానండి.

ఆరో అడుగు: గొడవ మొదలైన రోజున

మొదటి గంటలోనే బృందమంతటికీ ఒక మాట చెప్పండి: ఈ రోజు ఎవరూ సొంత ఖాతా నుంచి జవాబివ్వవద్దు. 2019 ఆగస్టులో ‘ఏపెక్స్ లెజెండ్స్’ ఆటలో అలంకరణ వస్తువుల ధరల మీద రగడ జరిగినప్పుడు, దాన్ని తయారుచేసే రెస్పాన్ సంస్థ డెవలపర్లు కొందరు ఆటగాళ్లతో వాదనకు దిగి వాళ్లను తిట్టారు. వాళ్లకు వచ్చిన తిట్లు తక్కువేమీ కాదు. కానీ ఆ క్షణం నుంచి చర్చ ధరల మీది నుంచి ఆ తిట్ల మీదికి మళ్లింది, చివరికి సంస్థ అధిపతే క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

తరువాత ఒకే చోట ఒకే ప్రకటన. మాకు ఇంతవరకు తెలిసింది ఇది, ఇంకా తెలియనిది ఇది, మళ్లీ రేపు సాయంత్రం ఆరింటికి మాట్లాడతాం. ఆ ఆరింటికి చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా వచ్చి ‘ఇంకా చూస్తున్నాం’ అని చెప్పండి. చెప్పిన వేళకు రావడమే సగం జవాబు. ఆరోహెడ్ 2024 ఆగస్టులో మరో వివాదం వచ్చినప్పుడు, రాబోయే 60 రోజుల్లో ఏమేం సరిచేస్తారో జాబితాగా ప్రకటించి సెప్టెంబర్ నుంచి ఆ ప్యాచ్‌లు విడుదల చేసింది. గడువు కనిపిస్తే కోపం కాస్త నిలబడి చూస్తుంది.

బృందం యజమానులకు ఇక్కడ ఒక మాట. 2018 జూలైలో ‘గిల్డ్ వార్స్ 2’ రచయితలు ఇద్దరు ట్విట్టర్‌లో ఒక ఆటగాడితో ఘాటుగా మాట్లాడారన్న గొడవలో, ఎరీనానెట్ సంస్థ కొద్ది రోజుల్లోనే ఇద్దరినీ ఉద్యోగం నుంచి తీసేసింది. ఆ సంభాషణలో తప్పెవరిదన్న వాదన అలా ఉంచుదాం. మిగిలిన ఉద్యోగులు నేర్చుకున్న పాఠం ఏమై ఉంటుంది? గుంపు గట్టిగా అరిస్తే సంస్థ నా పక్కన నిలబడదు, కాబట్టి నోరు తెరవకపోవడమే క్షేమం. ఉద్యోగి తప్పు చేస్తే లోపల సరిదిద్దండి. గుంపు గడియారం ప్రకారం శిక్ష వేయకండి.

ఏడో అడుగు: బెదిరింపు వస్తే

ఇక్కడ చర్చ లేదు. జవాబివ్వవద్దు, చెరిపేయవద్దు. ఖాతా పేరు, లింకు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, బెదిరింపు వచ్చిన మనిషి కాకుండా ఇంకొకరు భద్రపరచండి. మన దేశంలో అయితే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ నేరపూరిత బెదిరింపు గురించినది, పేరు దాచుకుని బెదిరిస్తే అదనపు శిక్ష ఉంది. తెలంగాణలో మహిళా ఉద్యోగులు షీ టీమ్స్‌ను కూడా ఆశ్రయించవచ్చు.

‘అదేదో పిల్లవాడు అన్నాడులే’ అని తేలిగ్గా తీసిపారేయకండి. బంగీ తన ఉద్యోగిని వేధించిన ఒక ఆటగాడి మీద అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దావా వేసింది. 2023లో కోర్టు సంస్థకు దాదాపు 4 లక్షల 89 వేల డాలర్లు ఇప్పించింది. మీకు అంత స్తోమత ఉండకపోవచ్చు. ఫిర్యాదు రసీదు ఒకటి చేతిలో ఉంటే చాలు, సంస్థ నా వెనక ఉందని మీ ఉద్యోగికి తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: మౌనం ఎప్పుడు మేలో తెలుసుకోండి

‘నో మ్యాన్స్ స్కై’ 2016 ఆగస్టులో విడుదలయ్యాక, ముందు చెప్పినవి ఆటలో లేవన్న ఆగ్రహం పెల్లుబికింది. దాన్ని తయారుచేసిన హెలో గేమ్స్ దాదాపు నోరు మూసుకుని పనిచేసింది. నవంబర్‌లో ఫౌండేషన్ అప్‌డేట్, 2018లో నెక్స్ట్, ఆ తరువాత ఏటా ఉచితంగా మరికొన్ని. అప్పట్లో చీకొట్టించుకున్న ఆట స్టీమ్‌లో 2024 నాటికి ‘చాలా సానుకూలం’ అన్న స్థాయికి చేరింది.

దీన్ని చూసి మౌనమే గొప్ప వ్యూహమనుకుంటే పొరపాటు. వాళ్లు ఆటను ఒక్కసారి అమ్మారు, చేతిలో డబ్బుంది, చిన్న బృందం, మాటకు బదులు చూపించడానికి పని ఉంది. అక్కడి కోపంలో కూడా న్యాయం ఉంది, ఎందుకంటే ముందు ఎక్కువ చెప్పారు. ప్రతి నెలా ఆటగాళ్ల నుంచి డబ్బు తీసుకుంటూ నడిచే ఆటకు ఈ వెసులుబాటు లేదు. మౌనంగా ఉండక తప్పకపోతే ఆ సంగతి చెప్పి ఉండండి: ‘ఆరు వారాలు పనిలో ఉంటాం, బగ్ ఫిర్యాదులు మాత్రం ఈ చిరునామాకు పంపండి, చదువుతాం.’ తలుపు వేసినా ఉత్తరాల పెట్టె తెరిచే ఉండాలి.

తొమ్మిదో అడుగు: మళ్లీ మొదలుపెట్టడం

ఒకసారి వెనక్కి వెళ్లిన డెవలపర్లను ‘రండి, మాట్లాడండి’ అని పిలిస్తే రారు. చిన్నదానితో మొదలుపెట్టండి. వివాదం లేని, కబుర్ల లాంటి విషయం: వాన శబ్దం ఎలా రికార్డు చేశారు, ఒక గుర్రం నడక ఎందుకు నాలుగుసార్లు మార్చారు. ‘ఫ్యాక్టోరియో’ చేసిన చెక్ బృందం ఏళ్ల తరబడి శుక్రవారాల్లో ఇలాంటి సాంకేతిక కబుర్లు రాసింది. వాటిని చదవడానికి వచ్చేవాళ్లు సాధారణంగా తిట్టడానికి వచ్చేవాళ్లు కారు.

మొదటి అడుగులో రాసుకున్న మూడు ప్రశ్నల కాగితాన్ని మూడు నెలలకొకసారి బయటికి తీయండి. తిట్ల శాతం తగ్గిందా అని చూడకండి, అది పండగకో ప్యాచ్‌కో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పేరుతో మాట్లాడేవాళ్లు పెరిగారా, బగ్ వివరంగా రాసేవాళ్లు తిరిగొచ్చారా అన్నదే చూడండి.

ఇక సోమవారం పొద్దున మీరు చేయగలిగిన పని ఒకటుంది. ఈ నెలలో సరిచేసిన బగ్గుల్లో ఆటగాళ్లు పట్టించినవి ఏవో వెతికి, వాళ్లు ఒప్పుకుంటే ప్యాచ్ వివరాల్లో వాళ్ల ఆట పేర్లు వేయండి. మా బృందంలో ఆ సేవ్ ఫైల్ బగ్ సరిచేశాక నేను అదే చేశాను. బూతుతో మొదలుపెట్టి రాసిన ఆ మనిషి పేరు పైనే ఉంది. మర్నాడు అతని నుంచి ఇంకో ఫిర్యాదు వచ్చింది. ఈసారి బూతు చివర్లో ఉంది.